అప్‌డేట్: అసిటోన్ లోడు, డ్రైవర్ల ట్రైనింగ్ సంగతి తేలింది

జీడిమెట్ల నుంచి అసిటోన్ (తేలిగ్గా మంటంటుకునే ద్రవం) డ్రమ్ములు తీసుకెళ్లే మా డ్రైవర్లకు హెవీ లైసెన్స్ సరిపోతుందా, వేరే ట్రైనింగ్ కావాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

‘రూల్ 9 చూడండి’ అన్నవారి మాటే నిజమైంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని ఆ రూల్ ప్రకారం, ఇలాంటి ప్రమాదకర సరుకు తీసుకెళ్లే డ్రైవర్లకు 3 రోజుల ట్రైనింగ్ కోర్సు తప్పనిసరి. కానీ సర్టిఫికెట్ జేబులో ఉంటే చాలదట, ప్రమాదకర సరుకు బండి నడపొచ్చని లైసెన్స్ మీదా ఎక్కించాలి. ఆర్టీఓ ఆఫీసులో ఎక్కించారు, టెన్షన్ పోయింది. కొత్త లైసెన్స్ తీయమన్న సలహా మాకు పనికిరాలేదు.

ఇంకోటి, ట్రెమ్ కార్డు, అంటే రవాణాలో ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసి ఉండే కార్డు. సరుకు వివరాలు, లీకైతే ఏం చేయాలో చెప్పాల్సింది సరుకు పంపేవాళ్లే. కార్డు డ్రైవర్ క్యాబిన్‌లోనే ఉండాలి. మాకు ఇంగ్లిష్‌లో ఇస్తున్నారు, తెలుగులో కూడా ఇవ్వమని అడిగాం.