పోయినవారి విషయంలో తప్పు చేశామన్న బాధకు మీకు పనికొచ్చిన తాత్విక ఆలోచన ఏది?

అందరికీ నమస్కారం. మేం విశాఖలో మధురవాడ వైపు ఉంటాం. ఎనిమిది నెలల క్రితం నాన్న పోయారు. ఒక్కరోజు ముందు ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే బతికేవారేమో అన్న ఆలోచన నన్ను వదలడం లేదు. రాత్రిళ్లు నిద్ర ఉండడం లేదు.

మొన్న ఆదివారం తొట్లకొండకు వెళ్లాను. సుమారు 2,000 ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. వాళ్ల గదులకు ఇప్పుడు పునాదులే మిగిలాయి, ఎదురుగా సముద్రం మాత్రం అలాగే ఉంది. అన్నీ అనిత్యమని బుద్ధుడు చెప్పినట్టు బడిలో పరీక్ష కోసం చదివాను. అక్కడ కూర్చున్నాక అది మొదటిసారి మనసుకు తగిలింది. కానీ ఇంటికొచ్చి నాన్న కళ్లజోడు చూడగానే మళ్లీ ఏడుపొచ్చింది.

బానిసగా పుట్టి తత్వవేత్త అయిన ఎపిక్టెటస్, మన చేతిలో ఏముందో ఏది లేదో ముందు వేరు చేసుకోమంటాడు. ఆఫీసు టెన్షన్లకు ఇది నాకు బాగా పనిచేస్తోంది. నాన్న విషయంలో మాత్రం కాదు, ఎందుకంటే ఆ ఒక్కరోజు నా చేతిలోనే ఉందనిపిస్తుంది.

ఇలాంటి బాధ పడినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. ఏ ఆలోచన మిమ్మల్ని నిలబెట్టింది? దాన్ని రోజూ ఎలా పాటించారు? పుస్తకాల పేర్లకన్నా మీ అనుభవమే నాకు కావాలి. అమ్మ కూడా మాటలు తగ్గించేసింది, ఆమెకు చెప్పగలిగేంత తేలిగ్గా ఉంటే ఇంకా మేలు.