షుగర్ క్లినిక్ నర్సులు పాడ్‌కాస్ట్ వింటే సీఎన్‌ఈ గంటలు ఇవ్వొచ్చా?

సీఎన్‌ఈ_కోఆర్డినేటర్:
నర్సు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఐదేళ్లలో 150 గంటల సీఎన్‌ఈ (కంటిన్యూయింగ్ నర్సింగ్ ఎడ్యుకేషన్, ఉద్యోగంలో ఉంటూ నేర్చుకునే చదువు) కావాలి, అంటే ఏడాదికి 30. మూడు షిఫ్టుల్లో నడిచే వార్డు నుంచి అందరినీ ఒకే రోజు హాలుకి పంపడం అయ్యే పని కాదు. అందుకని డయాబెటిస్ క్లినిక్ నర్సుల కోసం తెలుగులో ఒక్కోటి 15 నిమిషాల చొప్పున 12 ఆడియో ఎపిసోడ్లు చేసి, మూడు గంటలుగా లెక్కకట్టి నర్సింగ్ కౌన్సిల్ ఆమోదానికి పంపుదామని ఆలోచన. విన్నంత మాత్రాన గంటలు ఇవ్వడం సబబేనా? వద్దనేవాళ్లు ఎందుకు వద్దో చెప్పండి. కావాలనేవాళ్లు ఎలా చేస్తే నిలబడుతుందో చెప్పండి. "మంచి ఆలోచన మేడం" లాంటివి దయచేసి రాయకండి.

పెన్ను_సూది:
నా ఓటు వద్దనే. మన పనిలో సగం చేతులది. లైపో గడ్డలే తీసుకోండి. రోజూ ఒకే చోట ఇన్సులిన్ ఇంజెక్షన్ చేసుకుంటే చర్మం కింద కొవ్వు ఉబ్బి గట్టిపడుతుంది, చాలాసార్లు కంటికి ఆనదు. కొంచెం జెల్ రాసి, బయటి నుంచి లోపలికి వేళ్లు మెల్లగా జరుపుకుంటూ వస్తేనే తేడా తెలుస్తుంది. మామూలు చర్మం రెండు వేళ్ల మధ్య సన్నగా మడత పడుతుంది, గడ్డ ఉన్నచోట పడదు. దీన్ని చెవికెలా నేర్పుతారు?

పాదాల్లో స్పర్శ ఉందో లేదో చూసే మోనోఫిలమెంట్ తీగ సంగతీ అంతే. 10 గ్రాముల ఒత్తిడికి వంగే ఆ తీగని ముందు రోగి ముంజేతి మీద ఆనించి చూపించాలి. తర్వాత కళ్లు మూయించి, పాదానికి నిలువుగా పెట్టి, తీగ వంగేదాకా నొక్కి, ఒకటి రెండు సెకన్లలో తీసెయ్యాలి. కాయ కాచిన చోట పెట్టకూడదు. "వంగేదాకా" అన్న మాట విన్న పదిమందీ పది రకాలుగా నొక్కుతారు.

నైట్_డ్యూటీ:
సిస్టర్, అవన్నీ హాల్లో మాత్రం ఎవరు నేర్పుతున్నారు? అరవై మందిని కూర్చోబెట్టి తెర మీద పొట్ట బొమ్మ చూపిస్తే ఎవరి వేళ్లకి ఏం తెలిసింది? సంతకం పెట్టి చాయ్‌కి వెళ్లినవాళ్లకీ గంటలు పడతాయి. పాడ్‌కాస్ట్‌ని పోల్చాల్సింది ఆ లెక్చరుతో. మీరేమో బెంచీ దగ్గర ప్రాక్టీసుతో పోలుస్తున్నారు, అది ఎక్కడా జరగడం లేదు.

క్లినిక్‌లో జరిగే తప్పుల్లో చాలావరకు ఏది ముందు, ఏది తర్వాత అన్న దగ్గర జరుగుతాయి. గడ్డ దొరికింది, "ఈ పక్క మానేసి ఆ పక్క వేసుకో అమ్మా" అని పంపేస్తాం. మంచి చోట ఇన్సులిన్ బాగా ఒంటికి పడుతుంది కాబట్టి పాత డోసే వేసుకుంటే హైపో వస్తుంది, అంటే షుగర్ మరీ పడిపోతుంది. చోటు మార్చమని చెప్పేముందే డాక్టరుతో డోసు మాట్లాడాలి, కొన్నాళ్లు మీటరుతో ఎక్కువసార్లు చూసుకోమనాలి. హైపో కూడా అలాంటిదే. షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. చాక్లెట్ ఎందుకు ఇవ్వకూడదంటే అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ఇదంతా మాటల్లో చెప్పగలిగిన పనే.

మందుల_అలమార:
మాటల్లో చెప్పగలిగినవీ చెవికి తప్పుగా చేరతాయి. హ్యూమలాగ్, హ్యూములిన్ అనే ఇన్సులిన్ల పేర్లు చూడండి. ఇంగ్లిష్ రాతలో చివరి ముక్కని పెద్దక్షరాల్లో వేసి తేడా కళ్లకి కొట్టేలా చేస్తారు. మొదటిది భోజనం ముందు వేసే వేగవంతమైన రకం. రెండోది పాతకాలపు హ్యూమన్ ఇన్సులిన్, అందులో మళ్లీ ఆర్, ఎన్, రెండూ కలిపిన (మిక్స్) 30/70. బస్సు మోతలో ఇవన్నీ ఒక్కలాగే వినపడతాయి.

సిరంజిల లెక్క ఇంకా కష్టం. మన దగ్గర ఇన్సులిన్ వయల్స్ (సీసాలు) ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జులు 100వి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. కార్ట్రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వచ్చింది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. తిరగేసి, 40 వయల్ మందుని నారింజ మూత సిరంజితో 20 దాకా లాగితే వెళ్లేది 8 యూనిట్లే. ఈ లెక్క ఒక్కసారి వింటే పట్టుబడదు. రెండు సిరంజిలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

నైట్_డ్యూటీ:
ఒప్పుకుంటా. సిరంజిలు ఆడియోలోంచి తీసేయండి. కానీ ఇంగ్లిష్ లెక్చరులో 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' కలిసిపోయినట్టు తెలుగులో పదిహేను, యాభై కలిసిపోవు. అది కూడా లెక్కలో వేసుకోండి.

లీడ్స్_తెలుగు_నర్సు:
ఇక్కడ యూకేలో ఈ తగువుని గంటలు విడగొట్టి తీర్చారు. ఇక్కడి నర్సుల నియంత్రణ సంస్థ ఎన్‌ఎంసీ దగ్గర రీవాలిడేషన్ (రిజిస్ట్రేషన్ రెన్యువల్) మూడేళ్లకోసారి. 35 గంటల సీపీడీ (మన సీఎన్‌ఈ లాంటిదే) చూపించాలి, అందులో 20 గంటలు ఇంకొకరితో కలిసి నేర్చుకున్నవై ఉండాలి. ఒంటరిగా పాడ్‌కాస్ట్ వింటే మిగతా 15లోనే పడుతుంది. అదే ఎపిసోడ్ గురించి తోటివాళ్లతో కూర్చుని చర్చిస్తే, ఆ చర్చకి పట్టిన సమయం 20లోకి వస్తుంది. ఒకే గదిలో ఉండక్కర్లేదు, ఆన్‌లైన్‌లో కలిసినా చెల్లుతుంది. ఇది కాక ఐదు రిఫ్లెక్టివ్ అకౌంట్లు రాయాలి, ఏం తెలిసింది, పనిలో ఏం మార్చుకున్నాం అని. ఆ రాతలు కొందరు ఎలా నింపుతారో అందరికీ తెలుసు, అది వేరే కథ.

అమెరికాలో డయాబెటిస్ ఎడ్యుకేటర్ల సర్టిఫికెట్‌ని ఐదేళ్లకోసారి గంటల దారిలో రెన్యువల్ చేసుకుంటే 75 గంటలు కావాలి. అక్కడ ముందుగా చూసేది ఆ గంటలు గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చినవా కాదా అని. మందుల కంపెనీకి అలాంటి గుర్తింపు ఇవ్వరు.

కేస్‌షీట్:
అసలు చిక్కు తేదీది. డీకేఏ (ఇన్సులిన్ చాలక రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాద స్థితి) నిర్ధారణకి చాలాకాలం షుగర్ 250 దాటాలని చెప్పుకున్నాం. 2024లో అమెరికా, యూరప్ డయాబెటిస్ సంఘాలు కలిసి ఇచ్చిన నివేదిక దాన్ని 200కి దించింది. అంతకంటే తక్కువున్నా, ముందే షుగర్ ఉన్న మనిషైతే డీకేఏని కొట్టేయొద్దంది. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లు వాంతులతో వచ్చినప్పుడు మీటరు 180 చూపించినా కీటోన్లు చూడాలి. పాత ఎపిసోడ్ విన్న నర్సు "షుగర్ బాగానే ఉంది" అని కూర్చోబెడుతుంది. పుస్తకానికి ముద్రణ సంవత్సరం ఉంటుంది. ఫోన్‌లో ఫార్వర్డ్ అయిన ఆడియో ఫైలు ఏ ఏడాదిదో ఎవరు చెప్తారు?

మైకు_వెనక:
దానికి విరుగుడుంది. మొదటి పది సెకన్లలోనే రికార్డు చేసిన నెల, ఏడాది, ఎప్పటిదాకా చెల్లుతుందో గొంతుతో చెప్పాలి, ఫైలు పేరులో కూడా పెట్టాలి. ఏడీఏ (అమెరికా డయాబెటిస్ సంఘం) ప్రమాణాలు ఏటా కొత్తవి వస్తాయి కాబట్టి మందుల ఎపిసోడ్లకి ఏడాది గడువు చాలు. స్పాన్సర్ ఎవరైనా ఉంటే అదీ ఆ పది సెకన్లలోనే.

మిగతావి: ఒక ఎపిసోడుకి ఒకే నిర్ణయం. అంకె వస్తే రెండుసార్లు చెప్పి, ఒక్క క్షణం ఆగి ముందుకెళ్లాలి, ఎందుకంటే ఒకటిన్నర వేగంతో వినేవాళ్లు చాలామంది. ఎపిసోడుతో పాటు ఒక పేజీ రాత తప్పనిసరి, మందుల పేర్లు అందులో ఉంటే అలమార గారి సమస్య సగం తీరుతుంది. సింగిల్ ఛానెల్, 64 కేబీపీఎస్‌లో పెడితే 15 నిమిషాలకి ఏడు ఎంబీ చిల్లర, పల్లె సిగ్నల్‌కి కూడా దిగుతుంది. 32కి తగ్గిస్తే సగమే, కానీ 'స', 'శ' ధ్వనులు నలిగి మందుల పేర్లు పాడవుతాయి. నేనైతే తగ్గించను.

పెన్ను_సూది:
విన్నారని రుజువేంటి? జేబులో ఫోన్ వాగుతూనే ఉంటుంది. చివర్లో మూడు ప్రశ్నలు పెడితే గంటలో జవాబులు వాట్సాప్ గ్రూపులో ఉంటాయి.

లీడ్స్_తెలుగు_నర్సు:
జవాబు దొరికే ప్రశ్న పెట్టకండి. హైపో ఎపిసోడ్ అయితే, మీ వార్డు హైపో ట్రేలో ఏమున్నాయి, ఎక్స్‌పైరీ ఎప్పుడు, గ్లూకోజు పొడి ఎన్ని గ్రాములుంది అని అడగండి. ఇంజెక్షన్ ఎపిసోడ్ అయితే, ఈ వారం ముగ్గురు రోగుల పెన్నులు చూసి, సూది తగిలించే ఉంచారా అని రాయమనండి. సూది వదిలేస్తే ఎండకీ చలికీ గాలి లోపలికి పోతుంది, మందు కారుతుంది, మిక్స్ రకమైతే పాళ్లే మారిపోతాయి. ఏ వార్డు జవాబు ఆ వార్డుదే కాబట్టి ఇంకొకరిది కాపీ కొట్టినా పనికిరాదు.

సీఎన్‌ఈ_కోఆర్డినేటర్:
సరే, మార్చి రాస్తున్నా. ఆడియో 8 ఎపిసోడ్లు, అంటే రెండు గంటలు: హైపో, వాంతులూ జ్వరం వచ్చినప్పుడు ఏ మందు ఆపాలి, ఇన్సులిన్ నిల్వ, మీటరు తప్పు చూపించే సందర్భాలు, లైపో దొరికాక చేయాల్సిన వరస, పాదాల గురించి రోగిని ఏమేం అడగాలి, మెట్‌ఫార్మిన్‌కి కిడ్నీ అంకెలు, ఉపవాసాలు. మూడో గంట బెంచీ దగ్గర, ఎనిమిది మందికొక టీచర్: రెండు సిరంజిల లెక్క, మిక్స్ పెన్నుని పదిసార్లు అరచేతుల మధ్య దొర్లించి పదిసార్లు తలకిందులు చేయడం, సూదిలోంచి మందు వస్తోందో లేదో రెండు యూనిట్లు వదిలి చూడటం, సూది లోపల పది సెకన్లు ఉంచడం, గడ్డ తడమడం, మోనోఫిలమెంట్. బెంచీ పూర్తి చేయనివాళ్లకి ఆడియో గంటలూ పడవు.

పెన్ను_సూది:
ఆ చివరి వాక్యం ఉంటే నా ఓటు మార్చుకుంటా. మోనోఫిలమెంట్లు మాత్రం తగినన్ని కొనండి మేడం. పదిమందికి వాడాక తీగకి 24 గంటలు విశ్రాంతి ఇవ్వాలి, లేకపోతే మెత్తబడి 10 గ్రాముల కంటే ముందే వంగుతుంది. ట్రైనింగ్‌లో అరిగిపోయినదాన్నే మళ్లీ క్లినిక్‌కి పంపిస్తారు.

నైట్_డ్యూటీ:
ఒకటి ఎవరూ అడగలేదు. హాలు లెక్చరుకి వెళ్లిన రోజు డ్యూటీలో లెక్క. ఈ రెండు గంటలు బస్సులో, వంటింట్లో వినమంటున్నారు, అంటే మా సొంత సమయం. డ్యూటీలోనే వినాలని రాస్తారా? రాస్తే ఆ 15 నిమిషాలు నా బెడ్లు ఎవరు చూస్తారో కూడా ప్రతిపాదనలో ఉండాలి.

సీఎన్‌ఈ_కోఆర్డినేటర్:
దానికి నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకం కావాలి. అది వచ్చేదాకా కౌన్సిల్‌కి పంపను.