ఆకాశంలో త్రికోణం వెలుగు వీడియో: అదేమిటో తేల్చడం ఎలా?

ప్రశ్న (ఆకాశదీపం)
రెండు రోజులుగా ఒక వీడియో గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. సాయంత్రం పడమటి వైపు, ఇళ్ల కప్పుల మీద త్రికోణంలా ఒక వెలుగు. కాసేపు ఎర్రగా, కాసేపు పచ్చగా. ఇరవై నిమిషాలు కదలకుండా ఉండి, చివర్లో పక్కకు దూకి మెరుపు వేగంతో పోయింది. కామెంట్లలో సగం మంది గ్రహాంతరవాసులంటున్నారు, సగం మంది తీసినతన్ని వెక్కిరిస్తున్నారు. నిజంగా తేల్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వేగుచుక్క
ముందు మూడు వివరాలు రాబట్టండి: ఎన్ని గంటలకు, ఏ దిక్కున, ఎంత ఎత్తులో. చెయ్యి పూర్తిగా చాపితే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, ఎత్తు కొలవడానికి అది చాలు. ఆ ఊరు, ఆ సమయం స్టెల్లేరియంలో (ఆకాశపటం చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టి అక్కడ ఏముందో చూడండి.

సాయంత్రం, పడమర అనగానే నా మొదటి అనుమానం శుక్రుడి మీదే. సూర్యుడికి సుమారు 47 డిగ్రీలు మించి ఎడంగా పోడు కాబట్టి చీకటి పడ్డాక పడమర, తెల్లవారుజామున తూర్పు. బాగా కిందికి దిగినప్పుడు గాలి పొరలు వెలుగును విరగ్గొట్టి ఎరుపు, ఆకుపచ్చ మెరుపులు చూపిస్తాయి. “కదల్లేదు” అన్న మాట మాత్రం నమ్మకండి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఇరవై నిమిషాల్లో గ్రహం దాదాపు అర పిడికిలి జరగాలి. వీడియో మొదట్లో, చివర్లో కప్పు అంచుకూ వెలుగుకూ మధ్య ఎడం కొలిచి పోల్చండి.

లెన్స్‌గూడు
త్రికోణం సంగతి వేరు. ఫోకస్ తప్పిన చుక్క లెన్స్ ఐరిస్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే రెక్కలు) ఆకారం పట్టుకుంటుంది: మూడు రెక్కలుంటే త్రికోణం, ఆరుంటే షట్కోణం. అదే షాట్‌లో దూరపు దీపాలు కూడా అదే వైపు మొన తిరిగిన త్రికోణాలైతే ఆ ఆకారం కెమెరాది. ఫోన్లలో సాధారణంగా గుండ్రని రంధ్రమే ఉంటుంది, అందుకే ఏ కెమెరాతో తీశారో అడగాలి.

దూకిన చోట వీడియోను ఒక్కో ఫ్రేమ్‌గా నడపండి. కప్పు అంచు కూడా దూకితే చెయ్యి వణికింది. జూమ్ ఎక్కువై అంచు ఫ్రేమ్‌లోనే లేకపోతే ఆ దూకుడు గురించి ఏమీ చెప్పలేం.

కోణమానిని
“మెరుపు వేగం” దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఒకే వీడియోలో తెలిసేది కోణం, దూరం కాదు. సెకనుకు 10 డిగ్రీలు దాటిన చుక్క 50 మీటర్ల దూరంలో ఉంటే గంటకు 31 కి.మీ., అది పక్షికి మామూలే. అదే 50 కి.మీ. దూరంలో ఉందనుకుంటే 31,000 కి.మీ. దూరం తెలియకుండా వేగం చెప్పినవాళ్లు ఊహిస్తున్నారు, అంతే.

అమెరికా నేవీ ‘గోఫాస్ట్’ వీడియోలోనూ ఇదే జరిగింది. సముద్రాన్ని రాసుకుంటూ దూసుకుపోతున్నట్టు కనిపించిన వస్తువు సుమారు 13,000 అడుగుల ఎత్తులో, గంటకు 40 మైళ్ల వేగంతో పోతోందని నాసా అధ్యయన బృందం 2023 నివేదికలో లెక్కగట్టింది. కదిలింది ఎక్కువగా వీడియో తీసిన విమానమే, రైల్లోంచి చూస్తే చెట్లు వెనక్కి పరుగెత్తినట్టు.

తీసినతన్ని వెక్కిరించడం తప్పు. ఆ వెక్కిరింతకు జంకే జనం చూసినది చెప్పడం మానేస్తారు, మనకు సమాచారం పోతుంది.

ఆకాశదీపం
అందరికీ ధన్యవాదాలు. నా దగ్గరున్నది నాలుగైదు చేతులు మారిన వాట్సాప్ కాపీ. పనికొస్తుందా?

లెన్స్‌గూడు
అంతగా రాదు. వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, తీసిన సమయం లాంటి వివరాలు పోతాయి. తీసినతన్నే అడిగి అసలు ఫైల్‌ను డాక్యుమెంట్‌గా పంపించుకోండి. మళ్లీ కనిపిస్తే ఫోన్ గోడకు ఆనించి, జూమ్ లేకుండా, స్తంభమో కప్పు అంచో ఫ్రేమ్‌లో ఉండేలా రెండు నిమిషాలు తియ్యమనండి. వెలుగు మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, బ్రైట్‌నెస్ కిందికి లాగాలి.

వేగుచుక్క
అన్నీ చూశాక కూడా దేనికీ సరిపోకపోతే “గుర్తించలేదు” అని రాసి, అక్కడితో ఆపండి. గుర్తు తెలియని ఎగిరే వస్తువుల మీద అమెరికా వైమానిక దళం నడిపి, 1969లో మూసేసిన ప్రాజెక్ట్ బ్లూబుక్ పరిశోధనలో 12,618 ఘటనలుంటే, 701 అలాగే మిగిలాయి.