అప్‌డేట్: ఫిజీలో ఉన్న తమ్ముడి పాదం మీద పాకే ఎర్రగీత తగ్గిపోయింది

ఫిజీలో మిషనరీగా సేవ చేస్తున్న మా తమ్ముడి పాదం మీద వంకరటింకర ఎర్రగీత రోజూ కొంచెం ముందుకు జరుగుతోందని, దురదకు రాత్రిళ్లు నిద్ర లేదని చెన్నై నుంచి అడిగింది నేనే. జవాబిచ్చిన వాళ్లందరికీ చాలా థాంక్స్.

"ఇసుకలో పురుగేమో, డాక్టరుకి చూపించండి" అన్నవారి మాటే నిజమైంది. అక్కడి డాక్టరు చూడగానే చెప్పేశారట, రక్తపరీక్ష కూడా అడగలేదు. కుక్కలు, పిల్లుల పేగుల్లో హుక్‌వార్మ్ అనే పురుగు ఉంటుంది, దాని గుడ్లు వాటి మలంతో ఇసుకలో పడతాయి. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్ల పురుగులు ఒట్టికాళ్లతో నడిచేవాళ్ల చర్మంలోకి దూరతాయి. మనిషి ఒంట్లో అవి ఎదగలేవు, అందుకే చర్మం కిందే తిరుగుతుంటాయి. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మాత్ర ఇచ్చారు. దురద తొందరగానే తగ్గింది, గీత మానడానికి ఇంకొంచెం టైం పట్టింది.

జవాబుల్లో కొందరు చెప్పిన తామర ఆయింట్‌మెంటు, సబ్బు మార్చడం, చేపలు మానేయడం, వీటికీ దీనికీ సంబంధమే లేదు. సూదితో గుచ్చి తీయాలని మాత్రం దయచేసి ఎవరూ చూడకండి. పురుగు కనిపించే గీత కంటే ముందుంటుంది, పుండు తప్ప ఏమీ మిగలదు.

పిల్లలతో బీచ్‌కి వెళ్లడం వాడి సేవలో భాగం, అది మానమని నేను చెప్పను. ఇప్పుడు చెప్పులు వేసుకునే వెళ్తున్నాడు. మన మెరీనాలో కుక్కలు తిరిగే ఇసుకలోనూ ఇది రావచ్చు, పిల్లలున్నవాళ్లు చూసుకోండి.