టీమ్యాక్స్ నెగటివ్ మీద ఊదా మరక: ఫిక్సర్ తప్పా, కడుగుడు తప్పా?

పెన్నాగట్టు, నెల్లూరు:
ఫిల్మ్ కోడాక్ వాళ్ళ నలుపు-తెలుపు టీమ్యాక్స్ 400. డెవలపర్‌గా (బొమ్మ తేల్చే ద్రావణం) డీ-76ను సగానికి సగం నీళ్ళు కలిపి వాడాను. తరవాత ఫిక్సర్‌గా (మిగిలిన సిల్వర్ లవణాన్ని కరిగించే ద్రావణం) మామూలు హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ పొడి కలిపిన నీళ్ళలో 5 నిమిషాలు, బోరు నీళ్ళలో 10 నిమిషాలు. ఆరాక ఫిల్ము బేస్ (ప్లాస్టిక్ పట్టీ) అంతా లేత ఊదా, ఒక అంచున ముదురు గులాబీ చారలు. అదే హైపోలో ఫోమాపాన్ అనే ఇంకో ఫిల్ము శుభ్రంగా వస్తోంది. తప్పు ఎక్కడ?

కొత్తపట్నం తీరం, ఒంగోలు:
కడుగుడు చాల్లేదన్నా. అది ఎమల్షన్‌కి (ఫిల్ము మీద వెలుగు పట్టే పూత) రంగుల వెలుగు తెలియడానికి కలిపిన డై. టీమ్యాక్స్, డెల్టా లాంటి ఫిల్ముల్లో సిల్వర్ లవణపు గింజలు బల్లపరుపుగా ఉంటాయి, వాటిమీద డై ఎక్కువ పట్టి ఉంటుంది. 20 నిమిషాలు కడిగితే దిగిపోద్ది. 5 నిమిషాల ఫిక్సింగ్ ఏ ఫిల్ముకైనా చాలు.

ఉదయగిరి నీడ:
ఆ 5 నిమిషాల లెక్కతోనే నాకు పేచీ. డై అంటుకునుండేది సిల్వర్ లవణాన్నే. లవణం కరగనిదే డై వదలదు, నీళ్ళు ఎంత పోసినా అంతే. టీమ్యాక్స్‌లో అయొడైడ్ పాలు ఎక్కువ, మామూలు హైపోకి అది మెల్లగా లొంగుద్ది. అమోనియం థయోసల్ఫేట్ ఉన్న రాపిడ్ ఫిక్సర్ చురుకు. ఫోమాపాన్ బాగా వస్తోందంటే హైపో బాగున్నట్టు కాదు, ఆ ఫిల్ము సులువుగా ఫిక్స్ అవుతుందనే.

ఊహించే పని లేదు, కొలవండి. వెలుతురులోనే అదే రకం ఫిల్ము డెవలప్ చేయని తోక ముక్క తీసుకుని, దానిమీద ఒక చుక్క ఫిక్సర్ వేయండి. 30 సెకన్లాగి ముక్క మొత్తాన్ని ఫిక్సర్‌లో ముంచి గడియారం చూడండి. చుక్క వేసిన చోటు ముందే తేటపడి గుండ్రంగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న పాలరంగు పోయి ఆ గుండ్రం కనిపించకుండా పోయేసరికి పట్టిన సమయం మీ లెక్క. మామూలు ఫిల్ముకి దానికి రెట్టింపు, టీమ్యాక్స్‌కి మూడింతలు ఫిక్స్ చేయాలి. కొత్త ఫిక్సర్‌లో పట్టినదానికి రెండింతలు పడితే ఆ ఫిక్సర్ అయిపోయినట్టే, పారేయండి.

కందుకూరు లెన్స్:
బోరు నీళ్ళ ఉప్పే కారణం కావచ్చు కదా? మా వైపు బిందె అడుగున తెల్లగా పేరుకుంటది.

ఉదయగిరి నీడ:
కాదు. ఉప్పు నీళ్ళు హైపోని ఇంకా తొందరగా లాగేస్తాయి. సముద్రపు నీళ్ళలో కడిగి చివర మంచినీళ్ళలో తీసే పద్ధతి కూడా ఉంది. మీ నీళ్ళ వల్ల వచ్చేది ఆరాక తెల్లటి సున్నపు మచ్చ. దానికి చివరి తడుపు ఆర్వో నీళ్ళతో చేస్తే సరి. మే నెలలో అసలు భయం వేడి. డెవలపర్ 20 డిగ్రీల్లో ఉండి, కడిగే ట్యాంకు నీళ్ళు 33 ఉంటే ఎమల్షన్ ముడతలు పడొచ్చు. ఐస్ ముక్కల్ని సంచిలో కట్టి సీసాల బయట పెట్టండి, ద్రావణంలో వేయొద్దు.

కొత్తపట్నం తీరం, ఒంగోలు:
చారల విషయంలో ఒప్పుకుంటున్నా, అది ఫిక్సరే. కానీ సమంగా పరుచుకున్న లేత రంగుకు మళ్ళీ ఫిక్సింగ్ దేనికి? ప్రింటుకి గానీ నెగటివ్ నిలవకి గానీ దానివల్ల నష్టం లేదు. లీటరు నీళ్ళకు 20 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపి 2 నిమిషాలు ఆడించి, తరవాత 5 నిమిషాలు కడిగితే చాలా వరకు పోద్ది.

ఉదయగిరి నీడ:
సమంగా ఉంటే మీ మాటే. ఇక్కడ మాత్రం అంచున చారలున్నాయి కాబట్టి సల్ఫైట్‌తో మొదలుపెట్టొద్దు. రంగు పోయి, కరగని సిల్వర్ లవణం లోపలే మిగిలితే కొన్నేళ్ళకు పసుపు తిరుగుద్ది.

పెన్నాగట్టు, నెల్లూరు:
ఆరిన ఫిల్ముని మళ్ళీ ఎట్టా ఫిక్స్ చేయాలి?

ఉదయగిరి నీడ:
తడి లేని రీలుకే ఎక్కించి, నీళ్ళలో 2 నిమిషాలు నానబెట్టండి. లైటు ఆర్పక్కర్లేదు. అప్పటికప్పుడు కలిపిన ఫిక్సర్ పోసి, ముక్కతో తేలిన సమయానికి మూడింతలు ఉంచండి. పొడి హైపోనే వాడతానంటే లీటరుకు హైపో 240 గ్రాములు, సోడియం సల్ఫైట్ 10, సోడియం బైసల్ఫైట్ 25. వేడి నీళ్ళలో కరిగించండి, హైపో కరిగేకొద్దీ గిన్నె చల్లబడిపోద్ది. ద్రావణం 20 డిగ్రీలకు వచ్చాకే ఫిల్ము ముంచండి. ఆ తరవాత సల్ఫైట్, ఆపైన కడుగుడు.