15 డిగ్రీల గదిలో ఏ డీహ్యుమిడిఫైయర్ (గాలిలో తేమ లాగే మెషీన్) పనిచేస్తుంది?

గ్రీస్‌లోని లెస్వోస్ దీవిలో, మిటిలీనీలో చదువుకుంటున్నాను. ఓడరేవు దగ్గర పాత రాతి ఇల్లు, కింది అంతస్తులో గది. ఇక్కడ వేసవి పొడిగానే ఉంటుంది, వానలన్నీ చలికాలంలోనే. డిసెంబర్ నుంచి ఉత్తరం గోడ మీద, బీరువా వెనక నల్లటి బూజు పడుతోంది. దుప్పటి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. పొద్దున గదిలో 14, 15 డిగ్రీలు. తేమ 80 శాతం పైనే.

బ్లీచ్ నీళ్లతో తుడిస్తే పోతుంది, పది రోజుల్లో మళ్లీ వస్తుంది. బీరువాను గోడకు జానెడు దూరం జరిపాను. తేమ పీల్చే డబ్బాల్లో నీళ్లు చేరుతున్నాయి గానీ మీటర్‌లో అంకె దిగడం లేదు. ఏసీ డ్రై మోడ్ ఈ చలిలో దాదాపు దండగ. వాన రోజుల్లో కిటికీలు తెరిచినా లాభం లేదు. ఓనర్ గారు రంగు వేయిస్తామంటున్నారు, కానీ తడి గోడ మీద రంగు ఎన్నాళ్లు నిలుస్తుంది? రాత్రిళ్లు దగ్గు మొదలైంది, అదే నా టెన్షన్.

డీహ్యుమిడిఫైయర్లలో కంప్రెసర్ రకం (ఫ్రిజ్‌లా గాలిని చల్లబరిచి నీళ్లు తీసేది) చలి గదిలో నీళ్లు తక్కువ లాగుతుందట, డెసికెంట్ రకం (తేమ పీల్చే పదార్థంతో పనిచేసేది) కరెంటు ఎక్కువ తింటుందట. యూరప్‌లో ఇలాంటి చెమ్మ ఇళ్లలో వాడినవాళ్లు చెప్పండి: 15 చదరపు మీటర్ల ఈ గదికి రెండింట్లో ఏది కొనాలి?