4-3-2-1 లెక్కలో చివరి బౌల్‌తో కొట్టాలా, చేర్చాలా?

కొర్లగుంట (తిరుపతి) సభ్యుడు:
2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన మహిళల ఫోర్స్ (నలుగురేసి ఆడే విభాగం) జట్టు దక్షిణాఫ్రికాను 17–10తో ఓడించి స్వర్ణం గెలిచినప్పటి నుంచి లాన్ బౌల్స్ మీద నాకు ఆసక్తి కలిగింది. బౌల్స్ అనే పెద్ద బంతుల్ని పచ్చిక మీద దొర్లించి, జాక్ అనే చిన్న బంతికి దగ్గరగా చేర్చే ఆట ఇది. ఇప్పుడు డాక్టరు గారు, మేనేజరు గారు, నేను ఆదివారం ఉదయాల్లో పార్కు పచ్చికలో తలా రెండు బౌల్స్‌తో ఆడుకుంటున్నాం. అసలు ఆటలో, జాక్‌కు అతి దగ్గరగా ఉన్న ప్రత్యర్థి బౌల్ కంటే దగ్గరగా మనవి ఎన్ని ఉంటే అన్ని పాయింట్లు. ముగ్గురం కనుక మేము ఆ పద్ధతి మాని, ఎవరివైనా సరే, దగ్గరి నాలుగు బౌల్స్‌కు వరుసగా 4, 3, 2, 1 ఇస్తున్నాం. ముందుగా 40 చేరినవారిదే గెలుపు. మొన్న నా చివరి బౌల్ మిగిలి ఉండగా మొదటి రెండు స్థానాలూ డాక్టరు గారివి, మూడోది మేనేజరు గారిది, నాలుగోది నాది, అయిదోది మళ్లీ మేనేజరు గారిది. బలంగా కొట్టాలా, నెమ్మదిగా జాక్ పక్కకు చేర్చాలా?

చిత్తూరు పాతకాపు:
లెక్క వేసి చూడండి. అప్పటికి డాక్టరు గారికి 7, మేనేజరు గారికి 2, మీకు 1. మీ బౌల్ రెండో స్థానంలో ఆగితే డాక్టరు గారికి 6, మీకు 3, మేనేజరు గారికి 1. అదే డాక్టరు గారి మొదటి బౌల్‌ను కొట్టి, దానితోపాటు మీదీ దూరంగా వెళ్లిపోతే ఆయనకు 4, మీకు 2, ఊరికే నిలబడి చూసిన మేనేజరు గారికి 4! ప్రతి ఎండ్‌లోనూ (అందరూ తమ బౌల్స్ వేసే ఒక్కో విడతలోనూ) మొత్తం పది పాయింట్లు పంచవలసిందే కనుక, ఒక బౌల్ తొలగితే వెనకున్నవన్నీ ఒక్కో స్థానం ముందుకు జరుగుతాయి. కాబట్టి మామూలుగా చేర్చడమే మేలు. అయితే డాక్టరు గారు అప్పటికే 34 మీద ఉంటే మీకు రెండో స్థానం దక్కినా ఆయన 40 చేరిపోతారు. అప్పుడు మొదటి స్థానమైనా పట్టాలి, కొట్టనైనా కొట్టాలి.

తిరుచానూరు రోడ్డు సభ్యుడు:
లెక్క సరే గానీ, ఈ రెండింటికీ మధ్య మరో దారి ఉందండీ. కాస్త జోరుగా వేసి, ఆయన మొదటి బౌల్‌ను నాలుగు స్థానాల వెలుపలికి నెట్టి, మీది అక్కడే ఆగేలా చూడండి. అది కుదిరితే మీకు 5, ఆయనకు 3, మేనేజరు గారికి 2. పొద్దున్నే మంచుతో తడిసిన గడ్డి మీద బౌల్ త్వరగా ఆగిపోతుంది, దొర్లుతూ పక్కకు తిరిగే వంపు కూడా తక్కువ. ఎండెక్కి గడ్డి ఆరేసరికి అదే బౌల్ ఇంకా వెడల్పుగా తిరుగుతుంది. అందువల్ల తొలి ఎండ్‌లో కుదిరిన గురి ఎనిమిది గంటలకు పనిచేయదు. మన పార్కుల నేల ఎలాగూ ఎగుడుదిగుడే.

చిత్తూరు పాతకాపు:
ఆ దెబ్బ కుదిరితే అంతకన్నా కావలసిందేముంది. కుదరక జాక్ కదిలిందంటే మాత్రం లెక్క మొత్తం తారుమారవుతుంది. మరో మాట: గత ఎండ్‌లో ఎక్కువ పాయింట్లు వచ్చినవారే ముందు వేయాలని నియమం పెట్టుకోండి, చివరి బౌల్ వెనకబడినవారికి దక్కుతుంది. టేపు కూడా దగ్గర ఉంచుకోండి; పేచీలన్నీ నాలుగో స్థానం దగ్గరే వస్తాయి.